చూసే కళ్లకూ అద్దె!

ఒకప్పుడు దుకాణంలో లెక్కంతా గుమస్తా వేలి కొసన ఉండేది. ఏ రోజు జమాఖర్చులు ఆ రోజు చిట్టాలో పడేవి. వాటిని పేరుపేరునా విడదీసి ఆవర్జాలోకి ఎక్కించేవాడాయన. ఎవరి బాకీ ఎంత, ఏ సరుకు కదులుతోంది, ఏది గోదాములో మూలుగుతోంది... సేటు అడగడమే ఆలస్యం, పద్దు మీద వేలు పెట్టి చూపించేవాడు. ఆ పుస్తకాలు ఎప్పుడో కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. వేలు పెట్టి చూపించే పని మాత్రం ఇప్పుడిప్పుడే వెళుతోంది. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌కు 'బిజినెస్ ఇంటెలిజెన్స్' అని ఘనమైన పేరు పెట్టారు. పొట్టిగా బీఐ. ఎక్కడెక్కడి అంకెలనో ఒకచోట పోగేసి రంగురంగుల గీతలుగా, పటాలుగా ఒకే తెర మీద చూపిస్తుంది. ఆ తెరనే డ్యాష్‌బోర్డు అంటున్నారు.

ఇదంతా హైటెక్ సిటీ ముచ్చట అనుకోకండి. 2018 జనవరిలో కేంద్రం దేశంలోని వెనుకబడిన జిల్లాల కోసం ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. మన కుమురం భీం ఆసిఫాబాద్ అందులో ఉంది. ఆరోగ్యం, చదువు, సాగు, బ్యాంకింగ్, మౌలిక వసతులు... ఈ అయిదు రంగాల్లో 49 అంశాల మీద నెలనెలా లెక్కలు పంపాలి. వాటిని నీతి ఆయోగ్ 'ఛాంపియన్స్ ఆఫ్ ఛేంజ్' డ్యాష్‌బోర్డులో చూపించి జిల్లాలకు ర్యాంకులు ఇస్తుంది. 2023లో అదే పద్ధతి బ్లాకుల స్థాయికి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ ఆ జాబితాలో చేరి, 2025 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి అవార్డు కూడా తెచ్చుకుంది. ఏఎన్ఎం రిజిస్టర్లో రాసుకున్న ఓ అంకె నడుచుకుంటూ వెళ్లి ఢిల్లీలో రంగు చుక్కగా వెలుగుతోందన్నమాట.

ప్రభుత్వం సంగతి అలా ఉంచండి. పెద్దపల్లిలో రైస్‌మిల్లు, ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లు, కరీంనగర్‌లో పాతిక పడకల ఆసుపత్రి నడిపేవాళ్లకూ ఇప్పుడు ఇదే మోజు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకో కోడలో పండక్కి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో చూపిస్తారు. 'భలే ఉంది, మనమూ పెట్టిద్దాం' అనుకుంటారు. కొటేషన్ చేతికొచ్చాక తల తిరుగుతుంది. ప్రో, ప్రీమియం, కెపాసిటీ, గేట్‌వే, డైరెక్ట్ క్వెరీ... ఏ మాటకు ఎంత డబ్బో తెలియదు. నిజానికి ఈ గందరగోళమంతా రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఈ తెరను ఎంతమంది చూస్తారు? ఇందులోకి అంకెలు ఎక్కణ్నుంచి, ఎంత తొందరగా రావాలి? మొదటిది లైసెన్సు. రెండోది కనెక్షన్.

టికెట్టా... పెళ్లి బస్సా?

మన దగ్గర ఎక్కువగా వినిపించే పేరు మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐ. 2015 జులైలో మార్కెట్లోకి వచ్చింది. దీని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. దించుకోండి, మీ కంప్యూటర్లో పెట్టుకోండి, ఎన్ని బొమ్మలైనా గీసుకోండి... ఎవరూ పైసా అడగరు. 'మరి డబ్బులెందుకు?' అంటారా? గీసిన బొమ్మను రెండో మనిషికి ఆన్‌లైన్లో చూపించాలనుకున్న క్షణం నుంచి మీటరు తిరుగుతుంది. తయారు చేసేవాళ్లకే కాదు, చూసే ప్రతి ఒక్కరికీ 'ప్రో' లైసెన్సు కావాలి. పదేళ్లపాటు మనిషికి నెలకు 10 డాలర్లు ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి 14 చేశారు. మన లెక్కలో పన్నెండు వందల రూపాయల పైమాటే. జీఎస్టీ అదనం.

మిల్లులో ఇద్దరు భాగస్వాములు, ఒక మేనేజరు, ఒక గుమస్తా, ఒక ఆడిటరు ఉన్నారనుకుందాం. అయిదుగురు. నెలకు ఆరు వేల పైన. ఏడాదికి డెబ్బై రెండు వేలు దాటుతుంది. ఆడిటరు గారు చూసేది ఏడాదికి నాలుగుసార్లు. అయినా ఆయన కళ్లకూ పన్నెండు నెలల అద్దె కట్టాల్సిందే! ఇలాంటి చోట్ల లైసెన్సు ఇద్దరికి చాలు. మిగిలినవాళ్లకు ఆ పేజీని పీడీఎఫ్‌గా మార్చి పొద్దున్నే వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఈ సలహా ఇవ్వరు. ఎందుకివ్వరో చెప్పక్కర్లేదు.

టాబ్లో అనే మరో పేరున్న సాఫ్ట్‌వేర్ ఉంది. దీన్ని 2019లో సేల్స్‌ఫోర్స్ కంపెనీ కొనేసింది. ఇక్కడ లైసెన్సులు మూడు రకాలు. తయారుచేసే వాళ్లకు నెలకు 75 డాలర్లు, ఉన్నదాన్ని అటూ ఇటూ మార్చి చూసుకునేవాళ్లకు 42, ఊరికే చూసేవాళ్లకు 15. కట్టడం మాత్రం ఏడాదికి ఒకేసారి. పనితనంలో వంక పెట్టలేం. కానీ పాతిక లక్షల టర్నోవరు దుకాణానికి ఇది వజ్రాల త్రాసుతో ఉల్లిగడ్డలు తూచడమే.

ఇక కెపాసిటీ. ఇంతవరకూ చెప్పుకున్నది ఆర్టీసీ టికెట్ లాంటిది. ఎక్కిన ప్రతి మనిషికీ ఒకటి కొట్టాలి. కెపాసిటీ అంటే పెళ్లికి బస్సు మాట్లాడుకోవడం. ఎంతమంది ఎక్కినా కిరాయి ఒకటే. పవర్ బీఐలో ఈ బస్సు పేరు ఎఫ్64. ఏడాదికి ఒప్పుకుంటే నెలకు సుమారు 5 వేల డాలర్లు. దాన్ని 14తో భాగించి చూడండి... 357 వస్తుంది. చూసేవాళ్లు అంతకు మించితే బస్సు లాభం, తక్కువైతే టికెట్లే మేలు. దాదాపు నలభై వేల మంది పనిచేసే సింగరేణి లాంటి సంస్థకు ఆ లెక్క వేరు, అయిదుగురి మిల్లు లెక్క వేరు. ఇంకోటి, బస్సు మాట్లాడుకున్నా డ్రైవరు బత్తా వేరే. కెపాసిటీ కొన్నా తయారుచేసేవాళ్లకు ప్రో లైసెన్సు విడిగా ఉండాల్సిందే.

ఇక్కడే ఓ మెలిక ఉంది, జాగ్రత్త. ఎఫ్64 కంటే చిన్న కెపాసిటీలూ అమ్ముతారు. చాలా చవక. 'ఇది తీసుకోండి సార్, అందరూ చూడొచ్చు' అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎఫ్64కు తక్కువైన వాటిలో చూసే ప్రతి ఒక్కరికీ మళ్లీ టికెట్ కొట్టాల్సిందే. బస్సుకూ కట్టి, టికెట్లకూ కట్టినట్లు.

మరి పూర్తిగా ఉచితమైనవి లేవా? ఉన్నాయి. గూగుల్ లుకర్ స్టూడియోలో తయారుచేయడానికీ చూడటానికీ డబ్బు లేదు. జీమెయిల్ ఉంటే చాలు. పవర్ బీఐ అలా కాదు. ఆఫీసు లేదా కాలేజీ ఈమెయిల్ లేనిదే ఖాతా తెరవనివ్వదు. సొంత డొమైన్ లేని మన దుకాణాలు సగం అక్కడే ఆగిపోతాయి. లెక్కలన్నీ గూగుల్ షీట్లలో రాసుకునే చిన్న వ్యాపారులకైతే నా ఓటు లుకర్‌కే. మెటాబేస్, సూపర్‌సెట్ లాంటి ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. లైసెన్సు రుసుము ఉండదు. వాటిని పెట్టడానికి ఓ సర్వరు, చూసుకోవడానికి తెలిసిన మనిషి మాత్రం కావాలి. గేదె దానంగా వచ్చినా గడ్డి మనమే వేయాలిగా.

ఊరందరికీ చూపించే ఉచితం

అన్నింటికంటే ఖరీదైన ఉచితం ఒకటుంది. పవర్ బీఐలో 'పబ్లిష్ టు వెబ్' అనే మీట ఉంటుంది. నొక్కగానే ఒక లింకు ఇస్తుంది. ఆ లింకు ఉన్న ఎవరైనా, ఏ లైసెన్సూ లేకుండా, ఎక్కణ్నుంచైనా చూడొచ్చు. ప్రో డబ్బులు మిగులుతాయని చాలామంది కుర్రాళ్లు దీన్నే నొక్కేస్తుంటారు. చిక్కల్లా 'ఎవరైనా' అన్న మాట దగ్గరే. ఆ లింకుకు తాళం ఉండదు. వాట్సాప్‌లో చేతులు మారుతుంది, సెర్చి ఇంజన్లకూ దొరకొచ్చు. తెర మీద పైకి మొత్తాలే కనిపిస్తున్నా, లోపలున్న వివరాలను కూడా తెలిసినవాళ్లు లాగగలరు. టాబ్లో పబ్లిక్ సంగతీ అంతే. అందులో ప్రచురించింది లోకానికంతటికీ ప్రచురించినట్లే. లుకర్లోనూ 'లింకు ఉన్న ఎవరైనా' అని పెట్టారంటే వీధి తలుపు తీసిపెట్టినట్లే. పేర్లు రాసి, వాళ్లకు మాత్రమే అనుమతి ఇవ్వాలి.

దీన్ని వర్షపాతం లెక్కలకో, మార్కెట్ ధరలకో వాడితే తప్పు లేదు. కానీ ఆసుపత్రి లెక్కల్లో ఎవరికి ఏ పరీక్ష చేశారో ఉంటుంది. బడి లెక్కల్లో పిల్లల మార్కులు, తండ్రుల ఫోన్ నంబర్లు ఉంటాయి. డెయిరీ లెక్కల్లో పాలు పోసే ప్రతి మహిళ బ్యాంకు ఖాతా ఉంటుంది. నెలకు పన్నెండు వందలు మిగుల్చుకోవడానికి వీటిని బజార్న పెట్టడం ఎంత అన్యాయం! 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. భద్రత విషయంలో నిర్లక్ష్యానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు. అంత చిన్న ఆసుపత్రి మీద అంత వేస్తారా అని వాదించుకోవచ్చు. కానీ ఆ రోగి కూతురికి సంబంధం చూస్తున్నప్పుడు అవతలివాళ్ల చేతికి ఆ లింకు అందితే? దానికి జరిమానా ఎవరు కడతారు?

సంపు నీళ్లు... నల్లా నీళ్లు

ఇక కనెక్షన్. డ్యాష్‌బోర్డులోకి అంకెలు రెండు రకాలుగా వస్తాయి. మొదటిది 'ఇంపోర్ట్'. అంటే సంపు. అసలు లెక్కల్లోంచి ఒక నకలు తెచ్చి నింపుకొంటుంది. చూసేవాళ్లు ఆ సంపులోంచి తోడుకుంటారు. ఎంతమంది తోడినా వేగం తగ్గదు. కాకపోతే అవి మోటారు వేసినప్పటి నీళ్లు. ప్రో లైసెన్సులో రోజుకు ఎనిమిదిసార్లు నింపుకోవచ్చు. సంపు పరిమాణం ఒక జీబీ. కెపాసిటీ తీసుకుంటే 48సార్లు, సంపూ పెద్దది. రెండోది 'డైరెక్ట్ క్వెరీ'. ఇది నల్లా. తిప్పిన ప్రతిసారీ అసలు చెరువు దాకా వెళ్లి తెస్తుంది. తాజాగా ఉంటుంది, కానీ నలుగురు ఒకేసారి తిప్పితే ధార సన్నబడుతుంది. అసలు లెక్కలున్న కంప్యూటర్ మీదా భారం పడుతుంది. గుమస్తా బిల్లు కొడుతుంటే తెర బిగుసుకుపోతుంది.

'మాకు లైవ్ కావాలి' అని అందరూ అడుగుతారు. లైవ్ అంటే గొప్పగా ఉంటుంది కదా! అవసరమెంత అన్నది చూడాలి. రైస్‌మిల్లు సంగతే తీసుకోండి. కస్టమ్ మిల్లింగ్ కింద క్వింటాలు వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి అప్పగించాలి. ఎన్ని వడ్లు వచ్చాయి, ఎంత బియ్యం పెట్టాం, ఇంకా ఎంత బాకీ... ఇది నిన్న సాయంత్రం నాటిది తెలిస్తే బ్రహ్మాండం. నిమిషనిమిషానికీ చూసినందువల్ల బాకీ తగ్గదు. సంపు చాలు. అదే పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లుకు వేరు. సీసీఐ తేమ ఎనిమిది శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర ఇస్తుంది. పన్నెండు వరకూ కోత పెట్టి కొంటుంది. అది దాటితే వద్దంటుంది. వద్దన్న బండ్లు ప్రైవేటు వ్యాపారి దగ్గరికొస్తాయి. పొద్దున ధర సాయంత్రం ఉండదు. అలాంటి చోట గంటకోసారి నింపుకోవడానికి అర్థం ఉంది. అక్కడా రోజుకు ఎనిమిదిసార్లు చాలుతుంది. యార్డు నడిచేది పగలే కదా.

ఆదిలాబాద్ ఏజెన్సీలో సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లున్నాయి. అక్కడి లెక్కలకు నల్లా పెట్టించుకుంటే గాలి తప్ప ఏమీ రాదు. ఫోన్లోనో కాగితం మీదో రాసుకుని, మండల కేంద్రానికి వచ్చాక ఎక్కించడమే దారి. కాబట్టి ఆ తెర మీద 'ఎప్పటిదాకా లెక్క' అన్న తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. నేను చూసిన డ్యాష్‌బోర్డుల్లో సగానికి పైగా ఆ తేదీ ఉండదు. పాత అంకెను కొత్తదనుకుని నిర్ణయం తీసుకోవడం, అసలు అంకే లేకపోవడం కన్నా ప్రమాదం.

మోటారు కాలింది ఎక్కడ?

మన ఊళ్లలో చాలా డ్యాష్‌బోర్డులు చచ్చిపోయేది లైసెన్సు దగ్గర కాదు, ఇక్కడ. మిల్లు లెక్కలు ఆఫీసులో కంప్యూటర్లో ఉంటాయి. డ్యాష్‌బోర్డు ఇంటర్నెట్లో ఉంటుంది. రెండింటికీ మధ్య 'గేట్‌వే' అనే చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టాలి. అది ఉచితమే. సంపుకు మోటారు లాంటిది. ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉండి, నెట్ ఉంటేనే నీళ్లు ఎక్కుతాయి. పొద్దున ఆరింటికి నింపమని పెడతారు. రాత్రి ఏడింటికి గుమస్తా అలవాటు ప్రకారం స్విచ్ తీసి వెళ్తాడు. ఆయన తప్పేం లేదు, కరెంటు బిల్లు తగ్గించమని సేటే చెప్పాడు! 

'ఏందిరా, తెర మీద సోమవారం లెక్కనే కనవడ్తుంది?'

'ఏమో సేటూ... నేనైతే రోజూ కంప్యూటర్ బంద్ చేసే పోతున్న.'

వరసగా నాలుగుసార్లు విఫలమైతే పవర్ బీఐ ఆ టైమ్ టేబులునే ఆపేస్తుంది. తర్వాత కంప్యూటర్ నడుస్తున్నా నీళ్లు రావు. మళ్లీ ఎవరైనా వెళ్లి మొదలుపెట్టాలి.

ట్యాలీ వాడేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. ట్యాలీలోంచి బయటి సాఫ్ట్‌వేర్ లెక్కలు తీసుకోవడానికి ఓడీబీసీ అనే దారి ఉంటుంది. మామూలుగా 9000 పోర్టు మీద పనిచేస్తుంది. కాకపోతే ట్యాలీ తెరిచి, అందులో మీ కంపెనీ కూడా తెరిచి ఉండాలి. మూసేస్తే దారీ మూసుకుంటుంది. ఈ బాధలన్నీ పడలేమంటే తేలిక మార్గం ఉంది. రోజూ సాయంత్రం గుమస్తా ట్యాలీ నుంచి ఒక ఎక్సెల్ ఫైలు తీసి, ఆఫీసు వన్‌డ్రైవ్‌లో పాత దాని స్థానంలో పెట్టాలి. ఫైలు ఇంటర్నెట్లోనే ఉంటుంది కాబట్టి గేట్‌వే అక్కర్లేదు, కంప్యూటర్ రాత్రంతా వెలగక్కర్లేదు. ఫ్యాషన్‌గా ఉండదు. పనిచేస్తుంది.

ఇరవై లక్షల మంది ఎటు పోయారు?

తీగలన్నీ సరిగ్గా కలిసినా అంకెలు కలవకపోవచ్చు. దీనికి మన రెండు జిల్లాలను మించిన పాఠం లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆదిలాబాద్ జిల్లా జనాభా 27,41,239. అదే 2011 జనాభాను కొత్త హద్దుల ప్రకారం చూస్తే ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నది 7,08,972 మంది. ఈ రెండు పట్టికలనూ జిల్లా పేరుతో కలిపి గీత గీయమంటే సాఫ్ట్‌వేర్ నోరెత్తకుండా గీసేస్తుంది. ఇరవై లక్షల మంది మాయమైనట్లు! 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నాలుగైందని దానికేం తెలుసు? నిర్మల్ 7,09,418, మంచిర్యాల 8,07,037, ఆసిఫాబాద్ 5,15,812... కలిపి చూడండి, ఒక్క మనిషీ తగ్గడు.

కరీంనగర్ ఇంకా చిక్కు. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్లగా విడిపోవడమే కాదు... హుస్నాబాద్ సిద్దిపేటకు పోయింది. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి, కమలాపూర్ వరంగల్ వైపు వెళ్లాయి. మహదేవ్‌పూర్, కాటారం భూపాలపల్లిలో కలిశాయి. కాబట్టి పాత కరీంనగర్‌ను మళ్లీ కూర్చాలంటే జిల్లాల పేర్లతో కుదరదు, మండలాల వారీగా పోగెయ్యాలి. పైగా ఆసిఫాబాద్‌ను ఒకరు 'కొమరం భీం' అని, ఇంకొకరు 'కుమురం భీం' అని, మరొకరు ఉత్త 'ఆసిఫాబాద్' అని రాస్తారు. కంప్యూటర్ దృష్టిలో అవి మూడు జిల్లాలు. అందుకే ప్రభుత్వం ప్రతి జిల్లాకూ, మండలానికీ, ఊరికీ ఇచ్చిన లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ నంబర్లతో కలపాలి, పేర్లతో కాదు. వ్యాపారంలోనూ అంతే. ఒకే రైతు పేరును నాలుగు రకాలుగా రాస్తే నలుగురు బాకీదార్లు తయారవుతారు. దీన్ని సరిచేయడానికి ఏ లైసెన్సూ కొననక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

చదువుకునే పిల్లలున్న ఇళ్లకు ఓ మాట. 2020లో కరీంనగర్‌కు ఐటీ టవర్ వచ్చాక బీఐ కోర్సుల ప్రకటనలు గోడల మీదా ఎక్కాయి. ఫీజులో 'సాఫ్ట్‌వేర్ ఖర్చు' అని కలిపితే ఒప్పుకోకండి. నేర్చుకోవడానికి కావాల్సిన డెస్క్‌టాప్ ఉచితమని పైనే చెప్పుకున్నాం. పాఠాలు మైక్రోసాఫ్ట్ వాళ్ల సైట్లోనే ఉచితంగా ఉన్నాయి. అభ్యాసానికి లెక్కలు తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్లో దొరుకుతాయి. పాత ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాల నుంచి తిరిగి కూర్చి ఒక్క సరైన పటం గీసి చూపిస్తే, ఇంటర్వ్యూలో దాని ముందు సర్టిఫికెట్టు దిగదుడుపే.

ఇక కొనడానికే సిద్ధపడినవాళ్లు సంతకం చేసేముందు ఒక్క సంగతి అడగండి. ఖాతా ఎవరి పేరు మీద తెరుస్తున్నారు? పెట్టిచ్చే కుర్రాడు తన ఈమెయిల్‌తోనే తెరిచేస్తుంటాడు. ఆర్నెల్లకు అతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. డ్యాష్‌బోర్డూ, దాంతోపాటు మీ లెక్కలూ అతని పాస్‌వర్డు వెనక ఉండిపోతాయి. అడ్మిన్ ఖాతా మిల్లు పేరు మీదే ఉండాలి. గేట్‌వే పెట్టేటప్పుడు 'రికవరీ కీ' అని ఒకటి రాయమంటుంది. కంప్యూటర్ పాడై గేట్‌వేను ఇంకో దాంట్లోకి మార్చాల్సి వస్తే అదే కావాలి, పోతే మళ్లీ ఎవరూ ఇవ్వరు. ఆ మాటను మీ ముందే ఒక కాగితం మీద రాయించుకుని, లైసెన్సు బిల్లుతో పాటు బీరువాలో పెట్టండి.